బొమ్మల సినిమాలన్నీ బుజ్జాయిలకు కావు

సెలవుల్లో పిల్లలకు ఏ యానిమేషన్ సినిమా చూపించాలన్నది పోస్టర్ చూసి తేల్చే విషయం కాదు

1988 ఏప్రిల్ 16న జపాన్ థియేటర్లలోకి ఒకే టికెట్టు మీద రెండు యానిమేషన్ సినిమాలు వచ్చాయి. రెండూ స్టూడియో జిబ్లీ తీసినవే. ఒకటి హయావో మియాజాకీ 'మై నైబర్ టొటొరో'. పల్లెటూరికి మకాం మార్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు, చెట్టు తొర్రలో బొజ్జ పైకి పెట్టుకుని నిద్రపోయే ఓ బొచ్చు జంతువు. రెండోది ఇసావో తకహాతా 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'. 1945లో బాంబు దాడుల్లో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలికి మాడి చనిపోయే కథ. మొదటి దాని కోసం పిల్లల్ని వెంటబెట్టుకు వెళ్లిన కుటుంబాలు రెండోదీ చూశాయి. రెండూ గొప్ప సినిమాలే. నాలుగేళ్ల పాపకు మాత్రం ఒకటి ఆటస్థలం, ఇంకొకటి పీడకల.

అలాంటి పీడకలలకు మన మల్టీప్లెక్సుల్లోనూ కొదవలేదు. దసరా, క్రిస్మస్, సంక్రాంతి, వేసవి... ఏ సెలవులైనా బడి గేటు మూతపడగానే ఇంట్లో మొదలయ్యే ప్రశ్న 'ఏ సినిమాకెళ్దాం?' అన్నదే. పెద్ద హీరో సినిమాలో నరుకుళ్లు తప్పవు కాబట్టి బొమ్మల సినిమా అయితే బెంగ లేదన్నది అమ్మానాన్నల లెక్క. 2025 సెప్టెంబర్‌లో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగులో కూడా విడుదలైంది. రెండున్నర గంటలకు పైగా రాక్షసులు, కత్తులు, తెగిపడే తలలు. అదీ బొమ్మల సినిమాయే.

సర్టిఫికెట్ కొంత సాయం చేస్తుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలందరినీ ఒకే గాటన కట్టిన పాత యూ/ఏ స్థానంలో 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం 7+, 13+, 16+ అంటూ మూడు మెట్లు పెట్టింది. అయితే అవి తల్లిదండ్రులకిచ్చే సలహాలే. 'ఏ' సినిమాకైతే తప్ప గేటు దగ్గర ఆపాలన్న నిబంధన లేదు. పైగా ఏడేళ్ల లోపు మెట్టే లేదు. మూడేళ్ల పాపకూ ఆరేళ్ల బాబుకూ 'యూ' ఒక్కటే. ఆ రెండు వయసుల మధ్య ఎంత తేడా ఉందో ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా తెలుసు.

అసలు చిన్నపిల్లలు దేనికి భయపడతారన్నది పెద్దల ఊహకు అందదు. అమెరికాలోని విస్కాన్సిన్ యూనివర్సిటీ పరిశోధకురాలు జోన్ క్యాంటర్ 1980ల్లో ఈ సంగతే పరిశీలించారు. అప్పటి టీవీ సీరియల్ 'ఇన్‌క్రెడిబుల్ హల్క్'లో హల్క్ మంచివాడు, ఆపదలో ఉన్నవాళ్లను ఆదుకునేవాడు. అయినా నర్సరీ వయసు పిల్లలను ఎక్కువగా హడలగొట్టింది మామూలు మనిషి కాస్తా ఆకుపచ్చ భీకరాకారంగా మారే దృశ్యమే. ఆ వయసులో కంటికి కనిపించే రూపమే నిజం. లోపలి మంచితనం లెక్కలోకి రావడానికి ఇంకొన్నేళ్లు పడుతుంది.

ఇది మనకు బాగా దగ్గరి విషయం. 2025 జూలైలో విడుదలై, భారతీయ యానిమేషన్ సినిమాల్లోకెల్లా ఎక్కువ వసూళ్లు రాబట్టిన 'మహావతార్ నరసింహ'కు తాతలు, మనవళ్లతో సహా కుటుంబాలు కదిలాయి. ప్రహ్లాదుడి కథ తెలుగువాళ్లకు కొత్తదా? మన తొలి టాకీయే 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. దేవుడి సినిమా కదా, భయమేముందన్నది ధీమా. కానీ స్తంభం చీల్చుకొచ్చే ఆ రూపం, ఆ గోళ్లు, ఆ గర్జన నాలుగేళ్ల కంటికి హల్క్ కన్నా ఏం తక్కువ? అమ్మమ్మ ఇదే కథ చెప్పేటప్పుడు ఒళ్లో ఉన్న పిల్లాడి మొహం చూసుకుంటూ చెబుతుంది. కళ్లు పెద్దవైతే గొంతు తగ్గిస్తుంది. మరీ బెదిరితే హిరణ్యకశిపుణ్ని రెండు ముక్కల్లో ముగించేసి ప్రహ్లాదుడికి ముద్దపప్పు అన్నం పెట్టిస్తుంది. థియేటర్ స్పీకర్లకు ఆ వెసులుబాటు లేదు. పదేళ్ల పిల్లలకు అదే సినిమా పండగ కావచ్చు. చిన్నవాడికి మరో నాలుగేళ్లు ఆగినా ప్రహ్లాదుడు ఎక్కడికీ పోడు.

ఇక చావుల సంగతి. 2014 డిసెంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఓ అధ్యయనం ప్రచురించింది. 45 పిల్లల యానిమేషన్ సినిమాలను పెద్దల డ్రామా సినిమాలతో పోలిస్తే, ముఖ్య పాత్రలు చనిపోయే ముప్పు పిల్లల సినిమాల్లోనే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. క్రిస్మస్ సంచిక కోసం కాస్త సరదాగా చేసిన పనే అయినా లెక్క లెక్కే. 'బాంబి' (1942)లో తల్లి జింక వేటగాడి తూటాకు బలవుతుంది. 'లయన్ కింగ్' (1994)లో తండ్రి సింహం కొడుకు కళ్లెదుటే చనిపోతుంది. 'ఫైండింగ్ నీమో' (2003) మొదటి నిమిషాల్లోనే నీమో తల్లి పోతుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు వీటిని దాచక్కర్లేదు. తాతయ్య పోయిన ఇంట్లో ముఫాసా చావు గురించి మాట్లాడుకోవడం మంచిదే కూడా. మూడేళ్ల పిల్లలకు అది వేళ కాదు. నీమో అయితే ఇంట్లో ఆ మొదటి ఘట్టం దాటేసి, బడికి బయల్దేరే చోట నుంచి మొదలుపెట్టవచ్చు. దర్శకుడేమీ వచ్చి అడగడు.

నిడివి గురించి చాలామంది ఆలోచించరు. రెండు నుంచి అయిదేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించి స్క్రీన్ వద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. ఈ లెక్కన పూర్తి నిడివి సినిమా ఏదైనా ఎక్కువే. పాశ్చాత్య టీవీ చానళ్లు పండగల కోసం తీయించిన అరగంట సినిమాలు ఇక్కడ పనికొస్తాయి. రేమండ్ బ్రిగ్స్ బొమ్మల పుస్తకం ఆధారంగా తీసిన 'ద స్నోమ్యాన్' బ్రిటన్‌లోని చానల్ 4లో 1982 డిసెంబర్ 26న ప్రసారమైంది. 26 నిమిషాలు, ఒక పాట తప్ప మాటల్లేవు. చివర్లో మంచుమనిషి కరిగిపోతాడు. కళ్లలో నీళ్లు తిరుగుతాయి గానీ ఎవరూ ఎవరినీ చంపరు. బీబీసీ 2009 క్రిస్మస్‌కు చూపిన 'ద గ్రఫలో' కూడా అంతే నిడివి. అడవిలో చిట్టెలుక తనకన్నా పెద్ద జంతువులన్నిటినీ తెలివితో బోల్తా కొట్టిస్తుంది. పంచతంత్రం విన్న పిల్లలకు పరాయి కథలా అనిపించదు.

అలాంటివి మనకెందుకు లేవంటే, అసలు లేకపోలేదు. ఫిల్మ్స్ డివిజన్ 1974లో తీసిన 'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' ఏడెనిమిది నిమిషాల ముచ్చట. దూరదర్శన్ కాలం వాళ్లకు ఇప్పటికీ గుర్తే. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సృష్టించిన 'ఛోటా భీమ్' 2008 నుంచి దేశమంతా తిరిగాడు. లడ్డూ తిని గుద్దులు గుద్దడం కాస్త తగ్గిస్తే ఇంకా బాగుండేది. రెండేళ్లకోసారి దేశదేశాల బాలల చిత్రాలను హైదరాబాద్‌కు రప్పించిన గోల్డెన్ ఎలిఫెంట్ చిత్రోత్సవం ఇరవయ్యోసారి 2017లో జరిగింది. దాన్ని నడిపిన బాలల చిత్ర సమితిని 2022లో ఎన్‌ఎఫ్‌డీసీలో కలిపేశారు.

భాష మరో మెలిక. 2019 'లయన్ కింగ్' తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం గొంతిచ్చారు. 2024 క్రిస్మస్ సీజన్‌లో వచ్చిన 'ముఫాసా'కు మహేశ్‌బాబు. ఈ పేర్లు టికెట్లు కొనే వాళ్ల కోసం. నర్సరీ పాపకు ఏ హీరో గొంతయినా ఒకటే. అయినా తెలుగు డబ్బింగ్ వల్ల మేలుంది. సబ్‌టైటిల్స్ చదవలేని వయసులో అర్థమయ్యే మాటే సగం ధైర్యం. సెలవులకు డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో మనవలు దిగిన ఇంట్లో అయితే చిక్కు తిరగబడుతుంది. పిల్లలకు తెలుగు అంతంత మాత్రం, నానమ్మకు ఇంగ్లిష్ రాదు. అలాంటప్పుడు 'షాన్ ద షీప్ మూవీ' (2015) చక్కటి మార్గం. 85 నిమిషాల్లో అర్థమయ్యే మాట ఒక్కటీ ఉండదు, గొర్రెలూ మనుషులూ అందరూ గొణుగుతారంతే. 2025లో ఆస్కార్ గెలిచిన లాత్వియా సినిమా 'ఫ్లో'లోనూ మాటల్లేవు. వరదలో చిక్కుకున్న పిల్లి కథ. నీళ్లు ముంచెత్తే దృశ్యాలున్నాయి కాబట్టి ఏడేళ్లు దాటాక మేలు.

ఒక్కటే ఎంచుకోవాల్సి వస్తే మళ్లీ 'టొటొరో'యే. 86 నిమిషాలు, రెండు రోజులకు పంచుకోవచ్చు. విలన్ లేడు. తల్లి ఆసుపత్రిలో ఉంది, చిన్నది తప్పిపోతుంది, దొరుకుతుంది. అంతే కథ. ఇంట్లో నిజంగానే అమ్మ ఆసుపత్రిలో ఉంటే మాత్రం వేరేది చూసుకోవాలి.

థియేటర్‌కే వెళ్లాలనుకుంటే మధ్యాహ్నం ఆట, నడవా పక్క సీటు, చేతిలో మంచినీళ్ల సీసా. భయపడ్డ చిన్నపిల్లలకు 'అది నిజం కాదు నాన్నా' అన్న మాట అంతగా పనిచేయదని, దగ్గరకు తీసుకోవడం, ఏదో ఒకటి తాగించడం, తినిపించడం పనిచేస్తాయని క్యాంటర్ పరిశోధనే చెప్పింది. అవీ పనిచేయకపోతే టికెట్టు డబ్బులు లెక్కపెట్టకుండా లేచి రావడమే. మిగతా సగం వచ్చే ఏడాది ఇంట్లో లైట్లు వేసుకుని చూడొచ్చు.