అటక మీది పుస్తకాలు

మొన్న ఇంటికి రంగులు వేయిస్తూ హాల్లో పుస్తకాల అల్మరా ఖాళీ చేశాను. మామయ్యగారి భగవద్గీత, ఆయన ఆఫీసు డైరీలు, మావారి ఇంజనీరింగ్ పుస్తకాలు, పిల్లల ఎంసెట్ గైడ్లు. ఎవరూ ఏరికోరి పెట్టినవి కావు, అలా వచ్చి చేరాయంతే. కానీ ఒక్కటైనా మా అత్తయ్యగారిది లేదు.

ఆవిడ చదవలేదా అంటే, మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక పుస్తకం లేనిదే నడుం వాల్చేవారు కాదు. అవన్నీ అటక మీద రేకుపెట్టెలో దొరికాయి. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, వరుసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత కేలండర్ అట్ట వేసుకున్నవి. ఒకదాంట్లో రెండు వారాలు లేవు. ఆ కథ ఎవరినో అడిగి, పెన్సిల్‌తో నాలుగు లైన్లు రాసి పెట్టుకున్నారు.

"చెదలు పడతాయి, పాతపేపర్లతనికి వేసెయ్" అన్నారు మావారు. ఆ చెదలు డైరీలకు పట్టవా?

ఆయన్నని ఏం లాభం! మా అమ్మ ఇల్లు మారినప్పుడు ఇలాంటి కట్టలే నేను నా చేతులతో తూకానికి వేశాను. అమ్మ ఏమీ అనలేదు. ఒక్కసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపు ఇప్పుడు గుర్తొస్తోంది.

మాలతీ చందూర్ గారి 'వంటలు - పిండివంటలు' మనలో చాలామందికి తెలుసు. నూనె మరకలతో వంటింటి గూట్లోనే ఉంటుంది. ఆవిడే 'హృదయనేత్రి' నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నారు. ఆ నవల మాత్రం మా ఇంట్లో ఏ గూట్లోనూ లేదు. ఆడవాళ్ళు రాసినా, చదివినా వంటింటి గడప దాటనివ్వం కాబోలు.

ఇంట్లో చోటు తక్కువ, నిజమే. అన్నీ దాచుకోలేం. కానీ ఏది ఉండాలో, ఏది పోవాలో తేల్చేముందు అది చదివినావిణ్ణి ఒక్కమాట అడగాలి కదా. ఆవిడ లేకపోతే కనీసం ఓసారి తెరిచి చూడాలి.

డైరీలు అటకెక్కించాను. మధ్య అరలో అత్తయ్యగారి కుట్టు పుస్తకాలు పెట్టాను. పక్కనే కాస్త ఖాళీ ఉంది. అది నాది. మీ ఇంటి అల్మరాలో మీది ఏ అర?