చార్మినార్ బాటకు నిర్వహణ పద్దు ఏది?

పాత రాతి కట్టడం అతుకులో పిట్ట వేసిన గింజ నుంచి రావి మొక్క మొలుస్తుంది. ఆ వానాకాలంలోనే పీకేస్తే ఒక మనిషికి అరగంట పని. మూడు నాలుగేళ్లు వదిలేస్తే వేర్లు సున్నంలోకి దిగి రాళ్లను ఎడం చేస్తాయి. అప్పుడు గోడ విప్పి మళ్లీ కట్టాలి. ఎస్టిమేట్లు, అనుమతులు, టెండర్లు తప్పవు. హైదరాబాద్ పాత నగరంలో దశాబ్దాలుగా ప్రజాధనం ఖర్చవుతున్న తీరు ఇదే. అరగంట పనికి పద్దు ఉండదు, గోడ కట్టడానికి మాత్రం కోట్లు మంజూరవుతాయి.

ఈ ఊరికి పునర్నిర్మాణ సంస్థలు కొత్తేమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టిలో రాతి కమానుల దుకాణాల వరస ఆ బోర్డు చలవే. ఆ బోర్డు తర్వాత హౌసింగ్ బోర్డులో కలిసిపోయింది. 1981లో కేవలం పాత నగరం కోసమే కులీ కుతుబ్‌షా పట్టణాభివృద్ధి సంస్థను పెట్టారు. పెట్టారు గానీ, దానికి సొంత ఆదాయ మార్గం చూపలేదు. చార్మినార్ టిక్కెట్టు డబ్బు కేంద్ర పురావస్తు శాఖకు పోతుంది. లాడ్‌బజార్ దుకాణాల ఆస్తిపన్ను, ట్రేడ్ లైసెన్సు రుసుము నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీకి పోతాయి. ఆ సంస్థ చేతికి వచ్చేది ప్రధానంగా రాష్ట్ర ప్రభుత్వ గ్రాంటు. గ్రాంటు పనికి వస్తుంది, పని అయ్యాక ఆగిపోతుంది. ఆ పని మరుసటి రోజు నుంచి అయ్యే ఖర్చు ఎవరి పద్దులోనూ కనిపించదు.

చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి, గ్రానైట్ పరిచి, పాదచారుల బాట వేశారు. మంచి పని. ఎన్ని ప్రభుత్వాలు మారినా వదలకుండా కొనసాగించినందుకు మెచ్చుకోవాలి. కానీ అక్కడ ఒక పలక పగిలితే ఏమవుతుందో చూడండి. కేబుల్ కోసం తవ్వేది ఒకరు, పూడ్చాల్సింది మరొకరు. అసిస్టెంట్ ఇంజినీర్ ఎస్టిమేట్ వేయాలి, పద్దు ఎక్కడుందో వెతకాలి, బిల్లు వస్తుందని కాంట్రాక్టర్‌కు నమ్మకం కుదరాలి. ఈలోగా గుంతలో నాలుగు తట్టల సిమెంటు పోసి చదును చేస్తారు. రాతి నేల మీద ఆ బూడిదరంగు అతుకు అలాగే ఉండిపోతుంది. తెల్లవారకముందే వచ్చి అక్కడ ఊడ్చే కార్మికులు తమ వంతు చేస్తూనే ఉన్నారు. రాయి మార్చడం వాళ్ల చేతిలో లేదు.

డబ్బు లేక ఇలా జరుగుతోందంటే నేను ఒప్పుకోను. 2025-26కు జీహెచ్‌ఎంసీ వేసుకున్న బడ్జెట్ 8,440 కోట్ల రూపాయలు. ఇదే జీహెచ్‌ఎంసీ 2019లో 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్లపాటు ఏజెన్సీలకు అప్పగించింది. 1,839 కోట్ల ఆ ఒప్పందంలో రోడ్డు వేయడం, గుంతలు పూడ్చడం, తవ్విన చోట బాగుచేయడం కలిపే రాశారు. అమలులో లోపాలు లేకపోలేదు. అయినా వేసినవాడే ఐదేళ్లు చూసుకోవాలన్న సూత్రం సరైనది. కార్లు తిరిగే రోడ్డుకు వర్తించిన సూత్రం జనం నడిచే బాటకు ఎందుకు వర్తించకూడదు?

నిధులను ఒక పనికే కట్టేయడమూ మనకు కొత్త కాదు. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే కేటాయించాలని చెప్పింది. చెట్టుకు చట్టంలో చోటు దొరికినప్పుడు పాత నగరం నిర్వహణకూ దొరకాలి. చార్మినార్, పత్తర్‌గట్టి పరిసరాల్లో వసూలయ్యే ఆస్తిపన్నులో కొంత వాటా, పార్కింగ్ రుసుము, మున్సిపల్ మడిగల అద్దె ఒక విడి ఖాతాలో పడాలి. ఆ ఖాతా నుంచి కొత్త పనికి పైసా తీయకూడదు. టొరంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ వ్యాపారులు 1970లో తమపై తామే అదనపు రుసుము వేసుకుని, దాన్ని తమ బజారుకే ఖర్చు పెట్టుకునే ఏర్పాటు మొదలుపెట్టారు. అదే పద్ధతి తర్వాత ఎన్నో దేశాలకు పాకింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. బజారు సంపాదన బజారుకే అంటే, సంపాదన లేని బస్తీల గతేమిటి? అందుకే కోరేది కొంత వాటా మాత్రమే, మొత్తం కాదు. ఈ భారం గాజులు, ముత్యాలు బండి మీద అమ్ముకునేవారి మీద పడకూడదు కూడా. 2014 వీధి వ్యాపారుల చట్టం ఇచ్చిన రక్షణ వారికి యథాతథంగా అందాలి. కట్టగలిగినవారు పెద్ద దుకాణదారులు, కారు తెచ్చి నిలిపేవారు. పరిసరాలు బాగుపడితే మొదట లాభపడేదీ వాళ్లే.

1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను ఎంతో శ్రమపడి బాగుచేసి 2020లో తిరిగి తెరిచారు. కప్పు కారుతుంటే, వైర్లు వేలాడుతుంటే, అడ్డదిడ్డంగా రేకులు వేసుకుంటుంటే ఏళ్ల తరబడి చూస్తూ ఊరుకున్నందుకే అంత పని పడింది. చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ను కూడా కులీ కుతుబ్‌షా సంస్థ పునరుద్ధరణకు తీసుకుంది. ఆ భవనం వాడుకలోకి వచ్చాక దాని ఆదాయంలో నిర్వహణకు ఎంత వాటా, రాతి అతుకుల్లో మొక్కలు పీకే మనిషికి జీతం ఎవరిస్తారు, ఏడాదికి ఎన్నిసార్లు తనిఖీ చేయాలి, ఆ లెక్కలు ఎక్కడ ప్రకటిస్తారు అనేవి పునరుద్ధరణ ఒప్పంద పత్రంలో అంకెలతో సహా ఉండాలి. లేకపోతే అనుబంధ ఒప్పందంగా ఈ ఆర్థిక సంవత్సరంలోనే చేర్చాలి.