రెండు సీజన్లు, ఒకటే పల్లె



పోయిన భాగం చదివిన ఒక పెద్దాయన ఫోన్ చేసి, "డాక్టరేట్ చేసింది తెలుగు సాహిత్యంలో కదా, ఈ రాజకీయాలు మీకెందుకు మాస్టారూ?" అన్నారు. నేనింకా సాహిత్యంలోనే ఉన్నానండీ. కావాలంటే ఎన్నికలప్పటి పేపరు తీసి చూడండి. సమరం, శంఖారావం, యుద్ధభేరి, దండయాత్ర, కురుక్షేత్రం. పార్టీ ఆఫీసులో ఏసీ గది పేరు వార్ రూమ్. 2024లో మన రాష్ట్రంలో ఒక పార్టీ ఎక్కడ చూసినా 'సిద్ధం' అని హోర్డింగులు పెట్టింది. దేనికి సిద్ధమో తెలిసేసరికి పదకొండు సీట్లు మిగిలాయి. ఇంకో పార్టీలో కార్యకర్తలే ఉండరు, అందరూ సైనికులే. వీరరసం పాఠం చెప్పాలంటే నాకు కావ్యాలతో పనిలేదు, పాత పేపర్ల కట్ట చాలు.

మరి నిజం యుద్ధం వస్తే? అప్పుడు టీవీలు ఎన్నికల కౌంటింగ్ భాష మాట్లాడతాయి. 2025 మే 8 రాత్రి గుర్తుందా? కొన్ని చానళ్లు కరాచీ రేవుని స్టూడియోలోంచే పేల్చేశాయి. తెల్లారి చూస్తే రేవు ఉన్నచోటే ఉంది. ఆ వారంలోనే మనవాళ్లు కొందరు కర్రలు పట్టుకుని శంషాబాద్‌లో కరాచీ బేకరీ బోర్డు మీదకి వెళ్లారు. దేశ విభజనప్పుడు సింధ్ నుంచి అన్నీ వదులుకుని వచ్చిన కుటుంబం పెట్టుకున్న బేకరీ అది. శత్రువు దూరంగా ఉంటే దగ్గర్లో ఉన్న బిస్కెట్ల మీద పడటం మన దేశభక్తికి అలవాటే.

ఈ రెండు సీజన్లూ కలిసి వస్తే ఎలా ఉంటుందో 2019లో చూశాం. ఫిబ్రవరిలో పుల్వామా, ఆ వెంటనే బాలాకోట్. సైనికుల ఫొటోలు ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది, 2019 మార్చిలో మళ్లీ గుర్తు చేసింది. ఏప్రిల్‌లో లాతూరు సభలో ప్రధానమంత్రి మొదటిసారి ఓటేసే పిల్లల్ని, మీ తొలి ఓటు బాలాకోట్ దాడి చేసిన వీరులకు అంకితం చేస్తారా అని అడిగారు. ఫిర్యాదు వెళ్లింది. అందులో తప్పేమీ లేదని సంఘం తేల్చింది. ఫొటో వాడకూడదు, మనిషిని వాడుకోవచ్చు. ఇది వ్యాకరణంలో ఏ సూత్రం కిందికి వస్తుందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఇక్కడిదాకా నవ్వుకున్నాం. నేను చెప్పాలనుకున్నది నా దగ్గర చదివిన ఒక పిల్లాడి సంగతి.

మా గుంటూరు వైపు ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే వాళ్లు, పల్లె అంటే మేం. ఈ పిల్లాడిది పల్లె. వాళ్ల నాన్న మిర్చి యార్డులో హమాలీ. పిల్లాడు డిగ్రీ చదువుతూ తెల్లారుజామున నాలుగున్నరకే లేచి కాలవ కట్ట మీద పరిగెత్తేవాడు. 1600 మీటర్లు. అగ్నివీర్ కోసం. మొదటి గంట క్లాసులో నిద్రపోతుంటే నేను లేపేవాణ్ణి కాదు.

2024 ఎన్నికలొచ్చాయి. బైక్ ర్యాలీకి పెట్రోలు, బిర్యానీ, రోజుకు ఐదొందలు, మెడలో కండువా. "ఎవరి తరఫున రా?" అంటే, "ముందు అడిగినోళ్ల తరఫున సార్" అన్నాడు. మే 13న పోలింగ్. ఆ రోజు పల్నాడు ఎలా ఉందో దేశమంతా చూసింది. మాచర్ల నియోజకవర్గంలో ఈవీఎంని నేలకేసి కొట్టిన వీడియో ఊరూరా తిరిగింది. ఆ రోజే వీళ్ల ఊళ్లోనూ రెండు వర్గాలు కొట్టుకున్నాయి. ఎఫ్‌ఐఆర్ కాగితం నేను చూశాను. రెండు వైపులా పేర్లున్నాయి. విచిత్రమేమిటంటే రెండు వైపులా ఎక్కువ పేర్లు పల్లెవే. కర్రలు పంచినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

ఏడాది తిరక్కముందే ఆ రెండు వర్గాల పెద్దలూ ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారు. వియ్యం కూడా కుదిరేలా ఉందని వినికిడి. వాళ్ల యుద్ధం అయిపోయింది. పిల్లాడికి వాయిదాలు నడుస్తున్నాయి. సైన్యంలో చేరాలంటే పోలీసుల నుంచి నడవడిక సర్టిఫికెట్ కావాలి. కేసున్నవాడికి అది ఎవరిస్తారు?

2025 మేలో ఆపరేషన్ సిందూర్ జరిగిన రోజుల్లో మా కాలేజీలోనూ జెండా ర్యాలీ తీశారు. అందరికంటే గట్టిగా నినాదాలిచ్చింది ఈ పిల్లాడే. అయిపోయాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు: "సార్, కేసుంటే దేశం కోసం చచ్చిపోడానికి కూడా పనికిరామా?"

పీహెచ్‌డీ వైవాలో నేను తడబడలేదు. ఆ రోజు తడబడ్డాను.

అదే మేలో శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని ఒక తండాకి శవపేటిక వచ్చింది. జమ్మూ సరిహద్దులో చనిపోయిన అగ్నివీర్. తల్లిదండ్రులు ముంబైకి వలసపోయి కూలి చేసి పెంచిన కొడుకు. అన్ని పార్టీల నాయకులూ ఆ తండాకి వెళ్లారు. ప్రభుత్వం యాభై లక్షలు, ఐదెకరాల భూమి, ఇంటి స్థలం ప్రకటించింది. ఇవ్వాల్సిందే, ఇంకా ఎక్కువ ఇచ్చినా తక్కువే. కానీ ఆ ఐదెకరాలు దగ్గర నా మనసు ఆగిపోయింది. ఐదెకరాలు ముందే ఉంటే ఆ తల్లీతండ్రీ ముంబై ఎందుకు పోతారు? ఇంకో మాట కూడా. సాధారణ సైనికుడు అలా చనిపోతే ఇంటివాళ్లకి జీవితాంతం పెన్షన్ వస్తుంది. అగ్నివీర్ ఇంటికి రాదు. తూటా మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఇది ఇవాళ మొదలైంది కాదు. బాబాసాహెబ్ తండ్రి సుబేదార్. ఆ తర్వాత బ్రిటిషువాళ్లకి యోధ జాతులనే పిచ్చి పట్టి మహర్లకు సైన్యం తలుపు మూసేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలక 1917లో మహర్ల పటాలం కట్టారు. యుద్ధం అయిపోయాక 1921లో దాన్ని రద్దు చేశారు. మళ్లీ యుద్ధం రాగానే 1941లో మహర్ రెజిమెంట్. 1943లో చమార్ రెజిమెంట్ పెట్టి, యుద్ధం ముగిశాక 1946లో ఎత్తేశారు. గుళ్లోకి రానివ్వనివాళ్లని కందకంలోకి రానిచ్చారు, అదీ కాల్పులు జరిగినన్నాళ్లే.

మన తెలుగులోనూ చూడండి. 1941లో 'గబ్బిలం' రాసి పల్లె ఆకలిని కాశీదాకా పంపిన జాషువా, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సర్కారు యుద్ధ ప్రచారకుడిగా పనిచేశారు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఇల్లు గడవాలి. అంటరానివాడని దూరం పెట్టిన గొంతే యుద్ధమొచ్చేసరికి అవసరమైంది, అంతే. ఇంకా వెనక్కి పోతే పల్నాటి యుద్ధంలో మాల కన్నమదాసు బ్రహ్మనాయుడి సేనాని. కారెంపూడిలో ఇప్పటికీ ఏటా వీరుల ఉత్సవాల్లో చాపకూడు పెడతారు. అందరూ ఒకే చాప మీద కూర్చుని తింటారు. చాలా గొప్ప విషయం. ఆ చాప మిగతా రోజుల్లో ఎక్కడ దాస్తారో నేను చాలామందిని అడిగాను.

సైన్యం వద్దు, ఓటు వద్దు అని నేను అనడం లేదు. అలా అంటే బాబాసాహెబ్ ఊరుకోరు. 1941లో వైస్రాయి రక్షణ సలహా కమిటీలో కూర్చుని ఆయన రెజిమెంట్ కావాలనే పట్టుబట్టారు. యుద్ధమొచ్చింది, మనుషులు కావాలి, అయితే మావాళ్లకి హోదా ఏదీ అని ముందే అడిగారు. అదే మనిషి పదేళ్ల తర్వాత, 1951లో మంత్రి పదవి వదులుకుంటూ ఇచ్చిన ప్రకటనలో దేశం రాబడి లెక్క తీశారు. ఏడాదికి 350 కోట్ల రాబడిలో సుమారు 180 కోట్లు సైన్యానికే పోతుంటే ఆకలితో ఉన్నవాళ్ల సంగతేమిటని అడిగారు. దాని తర్వాత మూడు నెలలకి వచ్చిన మొదటి సాధారణ ఎన్నికల్లో బొంబాయిలో కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. లెక్క అడిగేవాడికి ఓట్లు రావని ఈ దేశం మొదటి ఎన్నికలోనే తేల్చేసింది. ఆయన మాత్రం అడగడం మానలేదు.

మనం చేస్తున్న పొరపాటు అక్కడే ఉంది. ఒళ్లు ముందు ఇచ్చేస్తున్నాం, లెక్క తర్వాత అడుగుతున్నాం. కండువా వేసుకున్నాక, కర్ర పట్టుకున్నాక, కేసయ్యాక అడిగితే ఎవరు పలుకుతారు? అప్పటికి సీజన్ అయిపోతుంది. యుద్ధం, ఎన్నిక, ఈ రెండు సీజన్లలోనే పల్లె దారి వాళ్లకి గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో ఆ దారిలో లైట్లు కూడా వెలగవు.

మళ్లీ స్థానిక ఎన్నికల మాట వినపడుతోంది. బైకులు కడుగుతున్నారు. పల్లెల్లో తమ్ముళ్లకి నేను చెప్పేది ఒకటే. కండువా తెచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మూడు అడగండి. పోయినసారి మావాళ్ల మీద పడ్డ కేసుల్లో లాయర్ ఫీజు ఎవరు కట్టారు? మీ అబ్బాయి ర్యాలీలో ఎన్నో బైకు మీద ఉంటాడు? మా శ్మశానానికి దారి ఎప్పుడు వేస్తారు? మూడింటికీ జవాబు వస్తే అప్పుడు ఐదొందల సంగతి మాట్లాడుకోండి.

మా పిల్లాడు ఇప్పుడు ఒక కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు మోస్తున్నాడు. వాయిదా ఉన్న రోజు జీతం కోస్తారు. మొన్న తెల్లారుజామున కాలవ కట్ట మీద కనిపించాడు. ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడు. వయసు దాటిపోతోందని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. "ఎందుకురా ఇంకా?" అని అడగబోయి, "ఎంత టైం పట్టింది?" అని అడిగాను.

"ఐదు నిమిషాల ఇరవై సెకండ్లు సార్."

జై భీమ్. మిగతాది వచ్చే ఆదివారం.