రెండు దినముల దేశాటనము

శీతకాలమున శుక్రవారము రాత్రి విమానమెక్కి, మిత్రబృందముతో ఏదో యొక యూరపు నగరమున క్రిస్మసు సంత చూచి, ఆదివారము రాత్రికి ఇల్లు చేరుట నేడొక వేడుక. దీనిని దేశాటనమనువారితో నాకు వాదము కలదు.

డ్రెస్డెన్ నగరమునే తీసికొందము. అచటి ష్ట్రీట్సెల్ సంత 1434లో సాక్సనీ ప్రభువు రెండవ ఫ్రెడరికు అనుమతిపై ఒక్క దినపు మాంసపు సంతగా మొదలైనది. ఉపవాసములు ముగించిన పౌరుల పండుగ భోజనమునకై ఏర్పడిన సంత యది. నేడు యాత్రికులు కొని తెచ్చు ష్టోలెన్ రొట్టెలో వెన్న చేర్చుటకు సైతము 1491లో పోపుగారి అనుమతిపత్రము కావలసివచ్చినది! ఇంతటి నిష్ఠనుండి పుట్టిన రుచిని మనవారు నాలుగడుగులలో నమిలి ముగింతురు.

ఆ నగరమే 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబుల మంటలలో దగ్ధమైనది. కూలిన ఫ్రౌవెన్‌కిర్షె ప్రార్థనాలయము మరల తెరువబడినది 2005లోగాని కాదు. కొత్తరాళ్ల నడుమ పాతరాళ్లు నల్లగా నేటికిని కనబడును. వాని యెదుట వేడి ద్రాక్షసారా పాత్రలతో ఛాయాచిత్రము తీయించుకొనువారిలో ఆ నలుపేమని అడుగువారెందరు?

మిత్రులతో నవ్వుకొనుట తప్పనను. ఆ నవ్వునకు అంత దూరపు నగరమేల? డిసెంబరు 24న సంత ముగియును. ఆ పిమ్మట, జనవరిలో వెళ్లుడు. ఖాళీయైన ఆల్ట్‌మార్క్ట్ చౌకులో ఆ ఊరివారు కనబడుదురు.