కోడ్ నంబర్ 2లో కలిసిపోయిన కులాలు

మూడేళ్ల క్రితం నా పర్యవేక్షణలోని ఒక పరిశోధక విద్యార్థిని తన పట్టికలు తెచ్చి చూపింది. నాలుగు గ్రామాల్లో వందలాది ఇళ్లు తిరిగి వివరాలు స్వయంగా రాసుకువచ్చిన అమ్మాయి. ఎస్సీ ఉపకులాల మధ్య చదువులో అంతరం ఎంత అన్నది ఆమె ప్రశ్న. పట్టికల్లో జవాబు మాట అటుంచి, ఆ ప్రశ్నే లేదు. విశ్వవిద్యాలయం గేటు ఎదుట ‘డేటా అనాలసిస్ చేయబడును’ అని బోర్డు కట్టిన దుకాణంలో డబ్బిచ్చి చేయించుకున్నదట. అక్కడి కుర్రవాడు ఎస్‌పీఎస్‌ఎస్‌లో కులం గడిని తనకు అలవాటైన నాలుగు అంకెలకు కుదించాడు: ఎస్టీ 1, ఎస్సీ 2, ఓబీసీ 3, ఇతరులు 9.

అవి అతని కల్పన కావు. జాతీయ నమూనా సర్వేల్లో ఏళ్ల తరబడి వాడుతున్న కోడ్లే. మాల, మాదిగ, రెల్లి, బుడగ జంగం అందరూ అక్కడ 2. ఎస్సీ వర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పునిచ్చింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో 59 కులాలను మూడు గ్రూపులు చేసింది. మన పరిశోధనల్లో మాత్రం ఆ 2 అలాగే ఉన్నది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. రిగ్రెషన్ చేసేటప్పుడు ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఎస్‌పీఎస్‌ఎస్ ఆ కుటుంబం మొత్తాన్ని పక్కన పెడుతుంది. వేరే ఆదేశం ఇవ్వకపోతే దాని పద్ధతి అదే. ఏడాది ఆదాయం ఇంతని చెప్పగలిగేది నెల జీతం ఉన్నవారు. రోజుకొక చేలో కూలికి వెళ్లే మనిషి ఏమని చెబుతుంది? ఎవరి కోసం ఆ పరిశోధన మొదలైందో ఆ భూమిలేని ఎస్సీ కుటుంబాలే ఎక్కువగా లెక్కలోంచి జారిపోయాయి.

పోలికకు ఆధారమైన వర్గం సంగతీ ఇంతే. పరిశోధకులు సాధారణంగా ‘ఇతరుల’నే ఆధారంగా పెడతారు. అప్పుడు దళితుల చదువు ఎప్పుడూ లోటుగానే అచ్చవుతుంది. ఇతరుల ఆధిక్యం ఎక్కడా అంకెగా కనిపించదు.

అంకెలు మనకెందుకు, అనుభవం చాలదా అనే మిత్రులున్నారు. వారితో నేను ఏకీభవించను. అంబేడ్కర్ చదువురీత్యా ఆర్థికవేత్త. 1923లో రూపాయి సమస్యపై ఆయన ప్రచురించిన పుస్తకం పట్టికలు లేకుండా నిలవదు. 2011 సామాజిక ఆర్థిక కుల గణనలో 46 లక్షలకు పైగా కులాల పేర్లు వచ్చాయనీ, 1931లో అవి 4,147 మాత్రమేననీ కేంద్రం 2021లో సుప్రీంకోర్టుకు చెప్పి, ఆ సమాచారం పనికిరాదన్నది. ఒకే పేరును పలు అక్షరక్రమాల్లో రాస్తే సంఖ్య పెరగక ఏమవుతుంది? వాటిని కలిపే పని కులాలూ ఊళ్లూ తెలిసిన మనుషులు కూర్చుని చేయవలసినది. రానున్న జనగణనలో కులాన్ని లెక్కిస్తామని 2025 ఏప్రిల్ 30న ప్రకటించారు. ఆ పని చేయగలవారు మన విభాగాల్లో ఎందరున్నారు?

తప్పు ఆ విద్యార్థినిది కాదు, నేర్పని మాది. ఫీజుకే అప్పు చేసే పిల్లలు గేటు ఎదుటి దుకాణానికి వెళ్లేది అందుకే. ‘ఆర్’ ఉచితం, పీఎల్‌ఎఫ్‌ఎస్ కుటుంబస్థాయి సమాచారమూ ఉచితమే. పీహెచ్‌డీ మొదటి ఏడాదే దీన్ని నేర్పాలి, కోడ్ల పుస్తకం జతచేయని సిద్ధాంత గ్రంథాన్ని స్వీకరించకూడదు అని మా విభాగ సమావేశంలో రెండుసార్లు ప్రతిపాదించాను. రెండుసార్లూ వాయిదా పడింది. ఆమె మాత్రం పట్టికలన్నీ పక్కనపెట్టి, చేతిరాత ప్రశ్నావళులు ముందేసుకుని, కులం గడి నుంచే మళ్లీ మొదలుపెట్టింది.