తయారింటికి చట్టపు కాపు

కర్మాగారమున ఇనుప చట్రముతో, పలకలతో సిద్ధమై, లారీమీద వచ్చి, కొలది దినములలో నిలువబడు చిన్న యిండ్లు నేడు తెలంగాణమున అమ్ముడగుచున్నవి. గల్ఫు దేశముల ఎండలో చెమటోడ్చి, సొంత ఊర నొక నీడకై పైకము కూడబెట్టు వారికి జగిత్యాల జిల్లా పెట్టినది పేరు. బుగ్గారము వంటి పల్లెలలో అట్టి వారికి ఈ యిల్లు ఆశ గొలుపుట సహజము. కాని కొన్నది ఇల్లా, సరుకా?

ఇది మాటల గారడి కాదు. నూరు రూపాయలు, అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయమునకు రిజిస్టరు దస్తావేజు వలయునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము శాసించుచున్నది. బోల్టులు విప్పి తరలింపదగిన యిల్లు స్థిరాస్తి యగునా? 2024 నవంబరులో సుప్రీముకోర్టు, ఎయిర్‌టెల్ వ్యాజ్యమున, సెల్‌ఫోను టవరులును, వాని యొద్ద నుండు తయారుగదులును చరాస్తులే యని తీర్పు చెప్పినది. అది పన్నుల తగవు; నివాసగృహములకు తిన్నగా వర్తింపదు. అయినను ఊడదీసి కదల్ప వీలగునా యను పరీక్ష ఎంత ముఖ్యమో దానివలన తెలియుచున్నది.

సరుకే యనుకొందము. కొనువాడు తెలిపిన అవసరమునకు సరుకు తగియుండవలె ననును 1930 నాటి సరుకుల విక్రయ చట్టపు 16వ సెక్షను. ఆ బాధ్యతను ఒడంబడికచే తొలగించుకొనవచ్చు ననును 62వ సెక్షను! కుడిచేత నిచ్చి ఎడమచేత లాగికొనుట యిదియే. పరప్రభుత్వము నాటి ఈ శాసనములకు తయారింటి యూహయే లేదు.

ఇల్లే యనుకొందము. స్వతంత్ర భారతము 2016లో చేసిన రియల్ ఎస్టేటు చట్టము ప్రాజెక్టుల కొరకైనది. 500 చదరపు మీటర్లకు మించని స్థలమునకు నమోదే అక్కరలేదు. తన జాగాలో ఒంటి యిల్లు నిలుపుకొను పల్లెవానికి అది అండ కాజాలదు. ఇక మిగిలినది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము. రెండేండ్లలోపల, తాను నివసించు జిల్లా కమిషను నెదుటనే ఫిర్యాదు చేయవచ్చును. మేలే, కాని అది దెబ్బ తగిలిన పిమ్మట పూయు మందు.

అమెరికాలో 1974లో ప్రత్యేక శాసనము చేసి, 1976 జూను 15 మొదలు తయారింటి ప్రతి భాగమునకును ప్రమాణముద్ర నిర్బంధము గావించిరి. మన 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఇట్టి కట్టడములకు అధ్యాయము కలదు. అయినను అది తనంత తాను శాసనము కాదు.

పరిశ్రమకు మేము విరోధులము కాము. కోరున దింతియే: ప్రతి యింటిపైనను తయారుచేసినవారి పేరు, రేకు మందము, గాలివానను తట్టుకొను శక్తి చెక్కవలెను, ఇల్లు నిలిపి చూపువరకు మూల్యములో పెద్దభాగము కొనువాని చేతనే యుండవలెను, పూచీని తప్పించుకొను షరతు చెల్లదని శాసింపవలెను. కొనువారును ఒకటి గుర్తుంచుకొనవలెను. ఇంటి రసీదు నేలకు దస్తావేజు కాదు. పంచాయతీ అనుమతియు కాదు.

పరదేశమున రక్తమోడ్చి సంపాదించిన పైకము మొదటి గాలివానకే రేకులతోబాటు ఎగిరిపోరాదు. రాష్ట్ర ప్రభుత్వము మేల్కొనవలసిన సమయ మిదియే.