పుష్కరకాలపు రైలు

కోటిపల్లి అనగానే మనకు మొదట జ్ఞాపకం వచ్చేవి సోమేశ్వరస్వామి గుడి, గౌతమీ రేవు, అవతల ముక్తేశ్వరం ఒడ్డుకు దాటించే పంటు. రైలు జ్ఞాపకం రాదు. అందులో మన తప్పేమీ లేదు లెండి. అక్కడికి రైలు 1928లో వచ్చింది, 1940లో వెళ్లిపోయింది. వెళ్లిపోవడమంటే బండి ఒక్కటే కాదు సుమండీ, పట్టాలతో సహా వెళ్లిపోయింది.

సరిగ్గా పుష్కరకాలం.

కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి ఇంచుమించు 45 కిలోమీటర్లు. శ్రీనాథుడు పురాణం కట్టిన భీమేశ్వరుడి ఊరికి టిక్కెట్టు కొనుక్కుని రైల్లో వెళ్లడమంటే, తెలుగు చెప్పుకు బతికే నాకు తలుచుకుంటేనే ముచ్చటగా ఉంటుంది. ఆ రైలు గోదావరి దాటే సాహసం మాత్రం చెయ్యలేదు. “ఇక మీ తిప్పలు మీరు పడండి” అన్నట్టు జనాన్ని రేవు దగ్గర దింపేసేది. అవతలి కోనసీమ వాళ్లు కాకినాడలో కోర్టు పనులున్నా, కాలేజీ చదువులున్నా పడవ దిగి బండి ఎక్కవలసిందే.

అలాగని ఆ సీమ అంతా రైలు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిందనుకోకండి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరవాత డెల్టాలో కాలువలే రోడ్లు. ధాన్యమూ పడవల్లోనే, పెళ్లివారూ పడవల్లోనే. రైలు ఆలస్యంగా వచ్చిన చుట్టం. వేటు పడ్డది ఆ చుట్టం మీదే. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఇనుము బంగారమైంది. దేశంలో మరికొన్ని చిన్న లైన్లకు పట్టిన గతే దీనికీ పట్టింది. పట్టాలు ఊడబెరికి యుద్ధం పనులకు పట్టుకుపోయారు.

మా అమ్మమ్మది ఆ లైను పక్క ఊరు. అప్పటికి ఆవిడకు పదేళ్లు. పట్టాలు పోయిన తరవాత కూడా వాళ్లింట్లో చాలాకాలం, “రైలు వేళయింది, గేదెలకు కుడితి పెట్టండి” అనేవారట.

“రాని రైలుకు వేళేమిటి అమ్మమ్మా?” అని నేను నవ్వితే, “వాళ్లు పట్టుకెళ్లింది ఇనుమేగా, వేళ ఎక్కడికి పోతుందిరా?” అనేది. ముసలివాళ్ల చాదస్తమని కొట్టిపారేశాను.

కోనసీమకు రైలు రావాలని పట్టుబట్టినవారిలో జి.ఎం.సి. బాలయోగి ముఖ్యులు. అమలాపురం నుంచి ఎన్నికై, లోక్‌సభ స్పీకరు అయినవారు. 2002 మార్చిలో ఆయన హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. కోటిపల్లి లైను 2004లో తిరిగి తెరిచారు. అంటే ఉన్నది 12 ఏళ్లు, లేనిది 64 ఏళ్లు! పైగా 2003 గోదావరి పుష్కరాలకు ఒక్క ఏడాదిలో తప్పిపోయింది. ఆలస్యం దానికి పుట్టుకతో వచ్చిన గుణం కాబోలు. తరవాత కొన్నేళ్లు ఆ పట్టాల మీద తిరిగింది ఒంటిపెట్టె రైలుబస్సు.

2005లో అమ్మమ్మను ఎక్కించాను. కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. ద్రాక్షారామం దాటాక, “టైమెంతయిందిరా?” అంది. చెప్పాను.

“అయితే ఇది మా రైలు కాదు. మా రైలు కుడితి వేళకు వచ్చేది” అని మళ్లీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.